డిస్టార్షన్ పెడల్‌లో రెండు డయోడ్లు చేసే పని

"అన్నయ్య తన పాత ఎలక్ట్రిక్ గిటార్ నాకిచ్చాడు. ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్ అని మూడు రకాల పెడల్స్ కనిపిస్తున్నాయి. మొదట ఏది కొనాలి? అసలు వీటికి తేడా ఏమిటి?" అని ఇంటర్ చదువుతున్న పాఠకురాలు ఒకరు అడిగారు. పెడల్ అంటే గిటార్‌కూ ఆంప్లిఫయర్‌కూ మధ్య కలిపి, కాలితో నొక్కి శబ్దాన్ని మార్చుకునే చిన్న పెట్టె. కోరస్, డిలే, రివర్బ్, వా లాంటివి ఇంకా చాలా ఉన్నాయి కానీ, నేను ఈ మూడింటి దగ్గరే ఎక్కువసేపు ఆగుతాను. మిగతావి చాలావరకు ఉన్న శబ్దాన్నే ఆలస్యం చేస్తాయి, వడగడతాయి, కాస్త ఊపుతాయి. ఈ మూడు మాత్రం మనం మీటని స్వరాలను కొత్తగా పుట్టిస్తాయి.

పెళ్లి మైక్‌సెట్ వాల్యూమ్ పూర్తిగా తిప్పేస్తే గొంతు బరబరమంటూ పగలడం అందరం విన్నదే. ఆంప్లిఫయర్ ఇవ్వగల వోల్టేజీకి ఒక హద్దు ఉంటుంది. అల ఆ హద్దు దాటబోతే దాని తల తెగి చదునైపోతుంది. దీన్ని క్లిప్పింగ్ అంటారు. 1961లో విడుదలైన ఒక అమెరికన్ కంట్రీ పాటలో గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ గిటార్ ఇలాగే పగిలిన గొంతుతో వినిపిస్తుంది. నాష్‌విల్ స్టూడియోలో మిక్సింగ్ కన్సోల్ ఛానల్ ఒకటి పాడైంది, ఆ శబ్దం బాగుందని ఉంచేశారు. అదే శబ్దం కావాలనుకున్నప్పుడల్లా రావాలని ఇంజినీర్ గ్లెన్ స్నాడీ ఒక సర్క్యూట్ తయారుచేశాడు. అదే 1962లో మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో మార్కెట్లోకి వచ్చింది.

ఇప్పుడు ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ అనే ఆకుపచ్చ ఓవర్‌డ్రైవ్ పెడల్ మూత తీసి చూద్దాం. 9 వోల్టుల బ్యాటరీ, ఎనిమిది కాళ్ల చిన్న చిప్, దాని పక్కన ఎదురెదురుగా తిప్పి పెట్టిన రెండు సిలికాన్ డయోడ్లు, అంటే కరెంటును ఒకే దిశలో పోనిచ్చే చిన్న భాగాలు. తీగ కదలికను కరెంటుగా మార్చే గిటార్ పికప్ నుంచి వచ్చే సిగ్నల్ 0.1 వోల్టు అనుకోండి. డ్రైవ్ నాబ్ పూర్తిగా తిప్పితే చిప్ దాన్ని నూరు రెట్లకు పైగా పెంచడానికి సిద్ధపడుతుంది. అంటే 10 వోల్టులు రావాలి. కానీ 0.6 వోల్టుల దగ్గరికి వచ్చేసరికి ఒక డయోడ్ తెరుచుకుంటుంది, పెంపు అక్కడితో సరి. అల కిందికి వెళ్లినప్పుడు రెండో డయోడ్ అదే పని చేస్తుంది. ఇంటర్ రెండో సంవత్సరం ఫిజిక్స్‌లో ఈ డయోడ్ వక్రరేఖనే గీయిస్తారు, రెక్టిఫయర్ చెప్పి వదిలేస్తారు. ఆ గ్రాఫ్‌లోని వంపుకు ఒక శబ్దం ఉందని చెప్పి ఒక్కసారి వినిపిస్తే ఆ పాఠం ఎవరైనా మర్చిపోతారా!

ఆ వంపులోనే మూడు పేర్ల తేడా ఉంది. ఓవర్‌డ్రైవ్‌లో డయోడ్లు చిప్ ఫీడ్‌బ్యాక్ దారిలో, అంటే బయటికొచ్చిన సిగ్నల్ మళ్లీ చిప్‌లోకి తిరిగివెళ్లే దారిలో ఉంటాయి కాబట్టి అల తల గుండ్రంగా వంగుతుంది. బాస్ కంపెనీ డీఎస్-1 లాంటి డిస్టార్షన్ పెడల్‌లో అవి సిగ్నల్‌ను నేరుగా గ్రౌండ్‌కు కలుపుతాయి, తల కత్తిరించినట్టు తెగుతుంది. ఫజ్‌లో ట్రాన్సిస్టర్లే అలను దాదాపు చతురస్రంగా మార్చేస్తాయి. మూల ఎంత పదునైతే అంత ఎత్తైన హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యంలో మోగే పై స్వరాలు పుడతాయి. 110 హెర్ట్జ్ ఉండే ఐదో తీగను మీటారనుకోండి. తీగలో ఎలాగూ కొన్ని హార్మోనిక్స్ ఉంటాయి, వాటిని పక్కన పెట్టి శుద్ధమైన 110నే తీసుకుందాం. పైనా కిందా సమానంగా కోస్తే 330, 550, 770 వస్తాయి. ఒకవైపు ఎక్కువగా, మరోవైపు తక్కువగా కోస్తే 220, 440 కూడా చేరతాయి. బాస్ ఎస్‌డీ-1లో ఒకవైపు రెండు డయోడ్లు, మరోవైపు ఒక్కటే పెట్టింది ఇందుకే.

మన తంబురాలో తీగకూ బ్రిడ్జికీ మధ్య పెట్టే దారం పోగు చేసేది కూడా ఈ జాతి పనే. తీగను ఫలానా చోట మీటితే ఫలానా హార్మోనిక్ రాకూడదని పాత సూత్రం ఒకటుంది. తంబురా, వీణల్లో ఆ హార్మోనిక్ గట్టిగానే వినిపిస్తుందని సి.వి. రామన్ 1921లో చూపించారు.

ఒకేసారి రెండు తీగలు మీటితే జరిగేది నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. సమానంగా కోసే సర్క్యూట్ ఒక స్వరం రెట్టింపులోంచి రెండో స్వరాన్ని తీసేసి కొత్త స్వరం తయారుచేస్తుంది. షడ్జమం 110, పంచమం 165 అనుకుందాం. 220లోంచి 165 పోతే 55. 330లోంచి 110 పోతే 220. రెండూ షడ్జమాలే, ఒకటి కింది స్థాయిలో, ఒకటి పై స్థాయిలో! రాక్ సంగీతంలో రెండు స్వరాల పవర్ కార్డ్ అంత నిండుగా మోగడానికి ఇదొక పెద్ద కారణం. ఇప్పుడు పంచమం బదులు అంతర గాంధారం తీసుకోండి. సహజ శ్రుతిలో అది 137.5. లెక్క వేస్తే 82.5, 165 వస్తాయి, రెండూ పంచమాలే. ఎంత అందమైన లెక్క! కానీ గిటార్ ఫ్రెట్లు సహజ శ్రుతిలో ఉండవు. పన్నెండు మెట్లూ సమానంగా పంచినవి కాబట్టి గాంధారం 138.6 దగ్గర పడుతుంది. అప్పుడు వచ్చేవి 81.4, 167.2. ఒక పంచమం దిగిపోయింది, ఇంకొకటి ఎక్కిపోయింది. మామూలుగా చెవికి పట్టని ఆ 1.1 హెర్ట్జ్ తేడాను డయోడ్లు బయటికి లాగి పెద్దది చేస్తాయి. డిస్టార్షన్ వేసి షడ్జమం, గాంధారం, పంచమం మూడూ ఉండే పూర్తి మేజర్ కార్డ్ కొడితే గజిబిజిగా వినిపించేది అందుకే, మీ వేళ్ల తప్పు కాదు. ట్యూబ్ స్క్రీమర్ 720 హెర్ట్జ్ కింద పెంపును క్రమంగా తగ్గించడం వల్ల కూడా మంద్ర స్వరాల్లో ఈ గజిబిజి కాస్త అదుపులో ఉంటుంది.

స్వరం ఎక్కువసేపు నిలబడటం కూడా క్లిప్పింగ్ వల్లే. తీగ కదలిక పదో వంతుకు పడిపోయినా 0.01 వోల్టును నూరు రెట్లు చేస్తే 1 వోల్టు, ఇంకా హద్దు పైనే. ఫ్యాన్ రెగ్యులేటర్ రొదను కూడా పెడల్ అలాగే పెంచుతుంది. కాబట్టి షాపులో మీటడం ఆపి కూడా ఒకసారి వినండి.

పాత చిప్‌లో, జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో ఏదో మహత్యం ఉందనే నమ్మకం గిటారిస్టుల్లో బలంగా ఉంది. జెర్మేనియం తక్కువ వోల్టేజీకే తెరుచుకుంటుంది, వేడికి ప్రవర్తన మార్చుకుంటుంది. ఇవి నిజమైన తేడాలే. కానీ ఒకే రకం చిప్‌ను పాతదని చెప్పి ఎన్నో రెట్లు ధరకు అమ్మితే కొనకండి. అది వాస్తు కోసం గుమ్మం మార్చడం లాంటిదే.

ఇక ఏది కొనాలి? గిటార్ ఆంప్ ఉంటే మొదట ఒక ఓవర్‌డ్రైవ్ చాలు. ఆంప్ లేకుండా హోమ్ థియేటర్‌కో ల్యాప్‌టాప్‌కో కలిపేటట్టయితే ఏ డిస్టార్షన్ పెడల్ అయినా కందిరీగల తుట్టెలా వినిపిస్తుంది. గిటార్ ఆంప్ స్పీకర్ సుమారు 5 కిలోహెర్ట్జ్ పైన శబ్దాన్ని బాగా తగ్గించేస్తుంది. మామూలు స్పీకర్ ఆ పదునైన హార్మోనిక్స్‌ను యథాతథంగా వదులుతుంది. అలాంటప్పుడు స్పీకర్ క్యాబినెట్‌ను అనుకరించే మల్టీ ఎఫెక్ట్స్ పెట్టె తీసుకోవడమే మేలు.

తర్వాత ప్రతిధ్వని ఇచ్చే డిలే పెడల్ కొంటే, గిటార్ సిగ్నల్ మొదట ఓవర్‌డ్రైవ్‌లోకి, ఆ తర్వాతే డిలేలోకి వెళ్లేలా పెట్టండి. డిలేను ముందు పెడితే ప్రతిధ్వనీ కొత్త స్వరమూ కలిసి డయోడ్లలోకి వెళ్లి, పైన వేసిన లెక్కంతా వాటి మధ్య మొదలవుతుంది. అడాప్టర్ విషయంలో 9 వోల్టులు అని మాత్రమే చూడకండి. చాలా పెడల్స్‌కు పిన్ మధ్యలో నెగటివ్ ఉండాలి, మామూలు ఎలక్ట్రానిక్ సామాన్ల అడాప్టర్లలో తరచూ పాజిటివ్ ఉంటుంది. పెడల్ మీదా అడాప్టర్ మీదా ఉన్న చిన్న గుండ్రటి గుర్తులు సరిపోలాయో లేదో చూసుకున్నాకే స్విచ్ వేయండి.