కోన్ల మధ్య తిరిగే కారుకు ఎంత టైరు కావాలి?

ఆటోక్రాస్‌లో ఒక పరుగు సాధారణంగా నిమిషం అటూ ఇటూగా ముగుస్తుంది. ఖాళీ పార్కింగ్ స్థలంలోనో, వాడకంలో లేని రన్‌వే మీదో కోన్లు పెట్టి దారి గీస్తారు. ఒక్కో కారు విడిగా, గడియారంతో పోటీ పడుతుంది. వేగం చాలావరకు గంటకు 50 నుంచి 100 కిలోమీటర్ల మధ్యే ఉంటుంది. మొదటి గేర్లో బయల్దేరిన కారు రెండో గేర్లోకి మారాక చివరిదాకా అందులోనే ఉండటం మామూలు. టైరు, రిమ్ము లెక్కలన్నీ ఇక్కడి నుంచే మొదలవుతాయి: టైరు వేడెక్కడానికి సమయం లేదు, వాడేది దాదాపు ఒకే గేరు. రేస్‌ట్రాక్ కోసం చెప్పే సలహాల్లో చాలా భాగం ఇక్కడ పనిచేయకపోవడానికి కారణం అదే.

చాలామంది మొదట నచ్చిన రిమ్ములు కొని, తర్వాత వాటికి పట్టే టైర్ల కోసం వెతుకుతారు. వరుస తిరగబడిందన్నమాట. ముందు మీరు దిగే తరగతి నియమాలు చదవాలి. తర్వాత ఆ నియమాలకు లోబడి మంచి పట్టున్న టైరు ఏయే సైజుల్లో దొరుకుతుందో చూడాలి. ఆ సైజును బట్టి రిమ్ము వ్యాసం, వెడల్పు, చివరగా ఆఫ్‌సెట్ (రిమ్ము ఎంత లోపలికో, బయటికో కూర్చుంటుందో చెప్పే కొలత) తేలుతాయి. పట్టుకు పేరున్న టైర్లు అన్ని సైజుల్లోనూ తయారు కావు. అందమైన 16 అంగుళాల రిమ్ము కొన్నాక, కావాల్సిన టైరు 15లోనూ 17లోనూ మాత్రమే వస్తోందని తెలిస్తే చేయగలిగింది ఏమీ ఉండదు.

నియమాల సంగతి దేశాన్ని బట్టి, క్లబ్బును బట్టి మారుతుంది. అమెరికాలో ఎస్‌సీసీఏ (స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా) నడిపే సోలో అనే ఆటోక్రాస్ పోటీల వీధి టైర్ల తరగతుల్లో టైరు పక్కన ముద్రించిన ట్రెడ్‌వేర్ అంకె (ట్రెడ్, అంటే నేలకు తాకే రబ్బరు పొర, ఎంత నెమ్మదిగా అరుగుతుందో చెప్పేది) కనీసం 200 ఉండాలి. మార్పులు అతి తక్కువగా అనుమతించే స్ట్రీట్ తరగతిలో రిమ్ము వెడల్పు కంపెనీ ఇచ్చినదే ఉండాలి. వ్యాసం మాత్రం ఒక అంగుళం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఒక మాట గుర్తుంచుకోవాలి. ట్రెడ్‌వేర్ అంకెను తయారీదారే పరీక్షించి వేసుకుంటాడు. 200 అని ఉన్న రెండు టైర్ల పట్టు ఒకేలా ఉంటుందనుకోవద్దు.

టైరు మీది అంకెల్ని లెక్కలోకి తెచ్చుకుందాం. 205/50 ఆర్15 అంటే వెడల్పు 205 మి.మీ., పక్కగోడ ఎత్తు అందులో 50 శాతం, అంటే 102.5 మి.మీ., రిమ్ము వ్యాసం 15 అంగుళాలు, అంటే 381 మి.మీ. పక్కగోడ పైనా కిందా రెండుసార్లు వస్తుంది కాబట్టి మొత్తం వ్యాసం 381 + 205 = 586 మి.మీ. ఇదే పద్ధతిలో 195/50 ఆర్15 వ్యాసం 576, 225/45 ఆర్15 వ్యాసం 583.5, 205/50 ఆర్16 వ్యాసం 611 మి.మీ. దగ్గర తేలతాయి. పక్కన వచ్చే 86వీ లాంటి గుర్తు బరువు, వేగాల హద్దు: 86 అంటే ఒక టైరు 530 కిలోలు మోయగలదు, వీ అంటే గంటకు 240 కిలోమీటర్లు. ఈ ఆటలో వేగపు హద్దుతో పనిపడదు గానీ, బరువు హద్దు కారుకు కంపెనీ చెప్పినదానికంటే తగ్గకూడదు.

వ్యాసం ఎందుకంత ముఖ్యమో గేరు చెబుతుంది. రెండో గేరు నిష్పత్తి 1.9, ఫైనల్ డ్రైవ్ (గేర్‌బాక్స్ తర్వాత చక్రాలకు శక్తి పంపే చివరి గేరు) నిష్పత్తి 4.1, ఇంజిన్ గరిష్ఠం 7000 ఆర్‌పీఎం ఉన్న కారును తీసుకోండి. 7000ను 7.79తో భాగిస్తే చక్రం నిమిషానికి సుమారు 899 సార్లు తిరుగుతుంది. 586 మి.మీ. టైరు చుట్టుకొలత 1.841 మీటర్లు, కాబట్టి రెండో గేర్లో అందే గరిష్ఠ వేగం గంటకు 99 కిలోమీటర్లు. 205/50 ఆర్16 వేస్తే అది 103.6కు పెరుగుతుంది, 195/50 ఆర్15 వేస్తే 97.6కు తగ్గుతుంది. కారు బరువుకు టైరు కాస్త అణిగి తిరుగుతుంది కాబట్టి నిజమైన వేగాలు వీటికంటే రెండు మూడు శాతం తక్కువగానే వస్తాయి. పోల్చడానికి మాత్రం ఈ లెక్క చాలు.

586 నుంచి 611కి వెళ్తే వ్యాసం 4 శాతం పెరిగింది. అంటే ప్రతి మలుపు నుంచి బయటికొచ్చేటప్పుడు నేల మీద నెట్టే బలం 4 శాతం తగ్గింది. తక్కువ శక్తి ఉన్న కారులో ఇది ఇంజిన్ నుంచి ఆ మేరకు శక్తి తీసేసినట్టే. అందుకే చిన్న కార్లతో ఆటోక్రాస్ ఆడేవాళ్లు పొట్టి టైరు కోసం పట్టుబడతారు. దానికీ ఒక హద్దుంది. దారిలో అత్యంత వేగమైన చోట రెండో గేరు చాలకపోతే, మూడోకి మారి మళ్లీ వెనక్కి రావడానికి పోయే సమయం పొట్టి టైరు తెచ్చిన లాభాన్ని తినేస్తుంది. ఒక్క క్షణం రెవ్ లిమిటర్‌ను (ఇంజిన్ గరిష్ఠ ఆర్‌పీఎం దాటకుండా ఆపేది) తాకడం కంటే ఆ రెండు గేరు మార్పులే ఎక్కువ నష్టం. మీరు ఆడే మైదానాల్లో సాధారణంగా అందే గరిష్ఠ వేగాన్ని ముందు రాసుకుని, దానికి రెండు మూడు కిలోమీటర్లు పైన రెండో గేరు ముగిసేలా వ్యాసం ఎంచుకోండి.

పొట్టి టైరుతో మరో లాభం వస్తుంది, దీన్ని పెద్దగా ఎవరూ లెక్కేయరు. 1100 కిలోల కారు, గురుత్వ కేంద్రం నేలకు 50 సెం.మీ. ఎత్తున, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం 145 సెం.మీ. ఉందనుకుందాం. 1 జీ (గురుత్వాకర్షణకు సమానమైన) బలంతో మలుపు తిరిగితే లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు 379 కిలోల బరువు మారుతుంది. టైరు వ్యాసాన్ని 24 మి.మీ. తగ్గిస్తే కారు మొత్తం 12 మి.మీ. కిందికి దిగి ఆ బరువు 370కి తగ్గుతుంది. ఇదే ఫలితాన్ని ఆఫ్‌సెట్ మార్చి తేవాలంటే రెండు చక్రాల మధ్య దూరం దాదాపు 4 సెం.మీ. పెంచాలి. రెంటిలోనూ లాభం చిన్నదే, కానీ వ్యాసం తగ్గిస్తే అది ఉచితంగా వస్తుంది.

రిమ్ము బరువు గురించి మాత్రం అతిశయోక్తులు ఎక్కువ. చక్రంలో ఒక కిలో తగ్గితే కారులో పది కిలోలు తగ్గినట్టేనని చెప్పేవాళ్లున్నారు. భౌతికశాస్త్రం ఒప్పుకోదు. తిరిగే వస్తువు విషయంలో వేగం పెంచడానికి అడ్డుపడే బరువు రెండు భాగాలు: ముందుకు కదలాల్సిన బరువు ఒకటి, తిరగాల్సిన బరువు రెండోది. ట్రెడ్ దగ్గరున్న కిలో దాదాపు రెండు కిలోలుగా లెక్కకొస్తుంది, అంతకు మించదు. రిమ్ము అంచు ఇంకా లోపల ఉంటుంది కాబట్టి అక్కడి కిలో సుమారు ఒకటిన్నర. నాలుగు రిమ్ముల్లో రెండేసి కిలోలు తగ్గిస్తే కారులో 12 కిలోలు దించినట్టు, అంటే 1100 కిలోల కారులో ఒక శాతం. గతుకుల మీద చక్రం నేలను వదలకుండా ఉండటానికి తేలిక రిమ్ము నిజంగానే సాయపడుతుంది. డబ్బు పరిమితంగా ఉంటే మాత్రం, అతి తేలిక రిమ్ము మీద పెట్టేది మంచి టైరు మీద పెట్టండి.

ఇప్పుడు వెడల్పు. రబ్బరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, అంతకంటే తక్కువే పెరుగుతుంది. మలుపులో బయటి టైరు మీద బరువు పేరుకున్నప్పుడు లోపలి టైరు కోల్పోయిన పట్టంతా బయటిది సంపాదించలేకపోవడానికి మూలం ఇదే. వెడల్పైన టైరు ఈ నష్టాన్ని తగ్గిస్తుంది. నేలకు తాకే మొత్తం వైశాల్యం ప్రధానంగా బరువు, గాలి పీడనం మీద ఆధారపడుతుంది. వెడల్పు పెంచితే ఆ మచ్చ పొడవు తగ్గి అడ్డంగా సాగుతుంది. అలాంటి మచ్చ పక్కబలాన్ని తొందరగా, తక్కువ జారుడు కోణంలో (టైరు చూసే దిశకూ నిజంగా కదిలే దిశకూ మధ్య తేడా) అందిస్తుంది. పైగా వెడల్పు టైర్లో తక్కువ పీడనం వాడుకునే వీలు కూడా ఉంటుంది.

మరి ఎంత వెడల్పైనా మంచిదేనా? నిమిషం పరుగులో కాదు. రబ్బరుకు తన పూర్తి పట్టు ఇవ్వడానికి కొంత వేడి కావాలి. తేలికైన కారుకు మరీ వెడల్పు టైరు వేస్తే, చల్లని రోజున అది వేడెక్కేలోపే ముగింపు గీత వచ్చేస్తుంది. వెడల్పుతోపాటు టైరు బరువు పెరుగుతుంది, తరచూ వ్యాసమూ పెరుగుతుంది. 900 నుంచి 1100 కిలోల కారుకు 205 నుంచి 225, 1300 నుంచి 1500 కిలోల కారుకు 245 నుంచి 275 దాకా వెతకడం మొదలుపెట్టడానికి సరైన పరిధి. ఒకే కారును ఇద్దరు వంతులవారీగా నడిపితే పరిస్థితి తిరగబడుతుంది. టైర్లు చల్లారే విరామం దొరకదు, పరుగుల మధ్య నీళ్లు చల్లాల్సి వస్తుంది, వెడల్పు టైరు అక్కడ వరమవుతుంది.

రిమ్ము వెడల్పు దగ్గరే ఎక్కువ పొరపాట్లు జరుగుతాయి. ప్రతి టైరుకూ తయారీదారు ఒక పరిధి ఇస్తాడు: 205/50 ఆర్15కు 5.5 నుంచి 7.5 అంగుళాలు, 225/45 ఆర్15కు 7 నుంచి 8.5 అంగుళాలు. ఈ ఆటకు ఆ పరిధిలో పై అంచే కావాలి. ఇరుకు రిమ్ము మీద వెడల్పు టైరు ఎక్కిస్తే పక్కగోడలు పొట్టలా ఉబ్బుతాయి, ట్రెడ్ మధ్యలో గుండ్రంగా లేస్తుంది, స్టీరింగ్ తిప్పిన క్షణానికీ కారు తిరిగే క్షణానికీ మధ్య ఆలస్యం వస్తుంది. బలంగా తిప్పితే టైరు అంచు మీద దొర్లి, ట్రెడ్ బదులు పక్కగోడ నేలకు రాసుకుంటుంది. స్లాలమ్‌లో (కోన్ల వరుస మధ్య మెలికలు తిరిగే చోట) వరుసగా అటూ ఇటూ తిప్పేటప్పుడు ఈ ఆలస్యం ప్రతి కోను దగ్గరా పోగవుతుంది. 205కు 7 లేదా 7.5, 225కు 8, 245కు 9 అంగుళాల రిమ్ము చక్కగా కుదురుతాయి. 6.5 అంగుళాల రిమ్ము మీద 225 కంటే 7.5 మీద 205 చాలా కార్లలో మెరుగ్గా నడుస్తుంది. నియమాలు ఇరుకు రిమ్మునే వాడమంటే టైరు వెడల్పును అదుపులో పెట్టుకుని, గాలి కాస్త ఎక్కువ పెట్టి సర్దుకోవాలి. రిమ్ము ప్రతి అర అంగుళానికీ టైరు నిజమైన వెడల్పు దాదాపు 5 మి.మీ. మారుతుందని కూడా మరవద్దు. ఖాళీ జాగా కొలిచేటప్పుడు ఈ తేడా పనిపడుతుంది.

ఆఫ్‌సెట్ అంటే రిమ్ము హబ్బుకు ఆనే ముఖానికీ, రిమ్ము వెడల్పు నడి గీతకూ మధ్య దూరం. రిమ్ము మీద ఈటీ45 అని ఉంటే ఆ ముఖం నడి గీతకు 45 మి.మీ. బయటికి ఉందని అర్థం. లెక్క సులువే. ఇప్పుడు 6.5 అంగుళాలు, ఈటీ45 ఉంది, 8 అంగుళాలు, ఈటీ35 వేయాలనుకున్నారు. వెడల్పు 1.5 అంగుళాలు పెరిగింది, అంటే రెండు వైపులా 19 మి.మీ. చొప్పున. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి రిమ్ము మొత్తం 10 మి.మీ. బయటికి జరిగింది. లోపలి అంచు 9 మి.మీ. లోపలికి, బయటి అంచు 29 మి.మీ. బయటికి వెళ్తాయి. ఇప్పుడున్న చక్రం దగ్గర స్ట్రట్‌కూ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) టైరుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో కొలిచి, అందులోంచి 9తో పాటు టైరు ఉబ్బును కూడా తీసేయండి. కనీసం 5 మి.మీ. మిగలాలి.

ఆఫ్‌సెట్‌ను మరీ తగ్గిస్తే ఫెండర్ తగలడమే కాదు, స్టీరింగ్ స్వభావమూ మారుతుంది. టైరు మధ్య భాగం స్టీరింగ్ తిరిగే ఇరుసు గీత నుంచి బయటికి జరుగుతుంది. ముందు చక్రాలతో నడిచే కారులో యాక్సిలరేటర్ తొక్కగానే స్టీరింగ్ చేతుల్ని లాగుతుంది, ఒక చక్రం గుంతలో పడితే బ్రేకు వేసినప్పుడు కారు పక్కకు గుంజుతుంది.

క్యాంబర్‌తో, అంటే చక్రం పై అంచు లోపలికి వాలే కోణంతో, ఒక మెలిక ఉంది. మ్యాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కారులో స్ట్రట్ పై భాగాన్ని జరిపే ప్లేట్లతో క్యాంబర్ పెంచితే స్ట్రట్, చక్రం కలిసే వంగుతాయి. వాటి మధ్య ఖాళీ మారదు, పైగా ఫెండర్ దగ్గర జాగా పెరుగుతుంది. అదే క్యాంబర్‌ను స్ట్రట్ కింది బోల్టులతో పెంచితే చక్రం పై అంచు నేరుగా స్ట్రట్ వైపు వస్తుంది. 5 మి.మీ. ఖాళీ చూసుకుని రిమ్ము కొన్నాక బోల్టులతో మూడు డిగ్రీలు పెట్టించి, టైరు స్ట్రట్‌కు రాసుకుంటోందని ఆశ్చర్యపోయేవాళ్లు చాలామంది. కొలతలు తీసే ముందే క్యాంబర్ ఎలా, ఎంత పెట్టాలో తేల్చుకోండి.

కొన్ని కొలతల్లో సర్దుబాటుకు చోటే లేదు. బోల్టుల వలయం (బోల్టుల సంఖ్య × వలయం వ్యాసం, మి.మీ.ల్లో) 4×100, 5×114.3 లాంటివి అచ్చంగా కలవాలి. 5×112 రిమ్మును 5×114.3 హబ్బుకు లాగి బిగిస్తే స్టడ్‌లు వంగుతాయి. రిమ్ము మధ్య రంధ్రం హబ్బుకంటే పెద్దదైతే రింగు వేసి సరిచేయొచ్చు, చిన్నదైతే ఆ రిమ్ము పక్కన పెట్టాల్సిందే. నట్టు ఆనే చోటు కోనులా ఉందా, బంతిలా ఉందా చూసి, దానికి తగ్గ నట్టే వాడాలి. స్పేసర్ (హబ్బుకూ రిమ్ముకూ మధ్య పెట్టే పళ్లెం) వేస్తే ఎం12×1.5 స్టడ్ (12 మి.మీ. మందం, చుట్టుకు 1.5 మి.మీ.) మీద నట్టు కనీసం 8 చుట్లు పట్టాలి. అంతకంటే తగ్గితే పొడవు స్టడ్‌లు తప్పవు. 17 నుంచి 15కు దిగేటప్పుడు బ్రేకు క్యాలిపర్ రిమ్ములో పడుతుందో లేదో ముందే అట్ట మీద ఆకారం గీసి చూసుకోండి. ఒక్కోసారి వ్యాసం సరిపోయి, రిమ్ము పుల్లల వెనుక భాగం క్యాలిపర్ ముఖానికి తగులుతుంది.

నాలుగు చక్రాలూ ఒకే సైజైతే టైర్లను ముందుకూ వెనక్కూ మార్చుకుంటూ సమానంగా అరగదీయొచ్చు. ముందు వెనుక వేర్వేరు సైజులు పెడితే వ్యాసాల తేడా రెండు మూడు శాతం దాటకూడదు, దాటితే ఏబీఎస్ తప్పుడు లెక్కలు వేస్తుంది. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారులో ఆ తేడా కూడా వద్దు, మధ్య డిఫరెన్షియల్ (ముందు, వెనుక చక్రాలకు శక్తి పంచే భాగం) వేడెక్కి అరుగుతుంది.

కొత్త సెట్టు బిగించాక స్ప్రింగు తీసేసి, జాకీతో సస్పెన్షన్‌ను పూర్తిగా పైకెత్తి, స్టీరింగ్‌ను రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడాలి. కారు నేల మీద నిలబడి ఉన్నప్పుడు కనిపించే ఖాళీ మలుపులో ఉండదు. స్ప్రింగు తీయడం కుదరకపోతే ఫెండర్ లోపలి అంచుకు మెత్తటి బంకమట్టి అంటించి నెమ్మదిగా ఒకసారి నడపండి. టైరు తాకిన చోట గాడి పడుతుంది.

మొదటి రోజు గాలి 32 నుంచి 35 పీఎస్‌ఐ మధ్య మొదలుపెట్టండి. ట్రెడ్ అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దతో మూడు నాలుగు చోట్ల గీతలు గీయండి. పక్కగోడ మీద అరుగుదల హద్దును చూపే చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. పరుగు తర్వాత సుద్ద ఆ గుర్తును దాటి చెరిగిపోతే టైరు దొర్లుతోంది, రెండు పీఎస్‌ఐ పెంచండి. గుర్తుకు చాలా పైనే చెరగడం ఆగిపోతే ట్రెడ్ అంచు పనిచేయడం లేదు, తగ్గించండి. 40 దాటినా టైరు దొర్లుతూనే ఉంటే తప్పు గాలిలో లేదు. క్యాంబర్ చాలడం లేదు, లేదా ఆ టైరుకు రిమ్ము ఇరుకైంది.