బడికి బొమ్మల పుస్తకాలవాళ్లు వస్తే: అపోహలు, వాస్తవాలు

బెంగళూరులో ఉంటూ పిల్లలకు బొమ్మల పుస్తకాలు రాస్తాను, గీస్తాను. బడులు పిలిస్తే వెళ్తాను. ఫోనులో మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "మేడమ్, ఎంతసేపు పడుతుంది?" రెండోది: "ప్రొజెక్టర్ కావాలా?" మీ పుస్తకాల్లో పిల్లలు ముందుగా ఏది చదవాలి అని అడిగే బడి దొరికితే నాకు ఆ రోజు పండగే. మేము గేటు దాటి లోపలికి వచ్చాక చేసేదానికంటే, మేము రాకముందు తరగతిలో జరిగేదే ఎక్కువ పనిచేస్తుంది. ఇది తెలియకపోవడం వల్లనే చాలా అపోహలు పుట్టాయి.

అపోహ: పుస్తకాలు అమ్ముకోవడానికే వస్తారు కదా, పారితోషికం దేనికి?

లెక్క వేద్దాం. పుస్తకం ధర 100 రూపాయలు అనుకోండి. పది శాతం రాయల్టీ (అమ్మిన ప్రతి పుస్తకం మీద మాకు వచ్చే వాటా) ఒప్పందమైతే 10 రూపాయలు. బొమ్మల పుస్తకం కాబట్టి రాసినవారూ గీసినవారూ పంచుకుంటే తలా 5. తరగతిలో 40 మందీ కొన్నా 200 రూపాయలు. జయనగర్ నుంచి వైట్‌ఫీల్డ్‌కు ఆటోలో వెళ్లడానికే చాలవు, తిరిగి రావడం సంగతి తర్వాత. కొన్ని ఒప్పందాల్లో అసలు రాయల్టీయే ఉండదు, ఒకేసారి ఇచ్చే మొత్తంతో సరి. వార్షికోత్సవానికి డ్యాన్సు మాస్టారికీ మైకుసెట్టువాళ్లకూ డబ్బిచ్చేటప్పుడు రాని సందేహం మా దగ్గరే ఎందుకు వస్తుందో మరి.

వరండాలో పుస్తకాల బల్ల పెట్టడం కూడా నాకు నచ్చదు. డబ్బు తెచ్చుకున్న పిల్లలు సంతకం కోసం వరసలో నిలబడతారు, తెచ్చుకోనివాళ్లు దూరంగా నిలబడి చూస్తారు. తరగతికి ఐదారు ప్రతులు బడే కొని పెడితే అందరి చేతుల్లోకీ వెళ్తాయి.

అపోహ: వచ్చేదే వచ్చారు, బడి మొత్తాన్నీ మైదానంలో కూర్చోబెడదాం.

బొమ్మల పుస్తకం ఒళ్లో పెట్టుకుని చూడటానికి చేసిన వస్తువు. పేజీ మూలలో నక్కిన పిల్లిని మైదానంలో వెనక వరసవాళ్లు ఎలా చూస్తారు? ఒక తరగతి, మహా అయితే రెండు. గొంతులు మార్చి, పాడి, వందల మందిని కదలకుండా కూర్చోబెట్టే కథకులు ఉన్నారు. అది వేరే విద్య. వాళ్లను పిలవండి, నేనూ వచ్చి వింటాను.

అపోహ: రచయిత వస్తే చాలు, చిత్రకారులు బొమ్మలు గీయడం నేర్పడానికి పనికొస్తారు.

బ్యానరు మీద రచయిత పేరు ఒక్కటే అచ్చువేసిన బడులు చాలానే చూశాను. 1947లో మద్రాసులో మొదలైన చందమామ చదివి పెరిగినవారిని అడగండి. బొమ్మ కింద వపా, శంకర్, చిత్ర అన్న సంతకాలు ఇప్పటికీ చెబుతారు. విక్రమార్కుడి భుజం మీద శవం వేలాడే శంకర్ బొమ్మ, ఏ నెల బేతాళుడు ఏ కథ చెప్పాడో మరచిపోయినవారికి కూడా గుర్తుంటుంది.

రచయిత పక్కన కూర్చుని చెబుతూ ఉంటే చిత్రకారులు గీస్తారన్నది ఇంకో భ్రమ. చాలా పుస్తకాలకు వాళ్లిద్దరూ ఎదురుపడనే పడరు, మధ్యలో సంపాదకులు ఉంటారు. "వాన పడుతోంది" అని రచయిత రాస్తారు. గొడుగు ఎవరికి ఉంది, ఎవరికి లేదు, తడుస్తున్నవాళ్లు నవ్వుతున్నారా ఏడుస్తున్నారా అన్నది గీసేవారు తేలుస్తారు. బొమ్మల పుస్తకంలో సగం కథ అక్కడే ఉంది.

అందుకని నేను బడిలో ఏనుగు గీయడం నేర్పను. పెద్ద కాగితాన్ని మూడుసార్లు మడిపిస్తాను. ఎనిమిది ఆకులు, 16 పేజీలు. విప్పకుండానే అంచులు ఎత్తి 1 నుంచి 16 వరకు అంకెలు వేయిస్తాను, తర్వాత విప్పమంటాను. ఒకటి పక్కన పదహారు! ఎనిమిది పక్కన తొమ్మిది, కొన్ని తలకిందులుగా. తరగతి అంతా గోల. ప్రెస్సులో పెద్ద షీటు మీద పేజీలు ఇలాగే పడతాయని, మడిచి అంచులు కోస్తే వరసకు వస్తాయని అప్పుడు చెబుతాను. ఇలాంటి మడతలు రెండు కలిస్తే 32. బొమ్మల పుస్తకాలు ఎక్కువగా 32 పేజీలే ఉండటానికి ఇదే కారణం. వెన్నుకు అటూ ఇటూ ఉన్న ఏ జత అంకెలు కలిపినా 17 వస్తుందని ఎవరో ఒకరు తప్పకుండా కనిపెడతారు. లెక్కల టీచరు అక్కడే ఉంటే మిగతా పీరియడ్ ఆవిడకు అప్పగించవచ్చు. ఇంత తెలిశాక పిల్లలు తమ కథ కూడా పేజీ తిప్పే చోట ఆపడం మొదలుపెడతారు. ముఖం మధ్య మడతలో పడకుండా పక్కకు జరుపుతారు.

అపోహ: పిల్లలు పుస్తకం చదవకపోయినా ఫరవాలేదు, ఆ రోజు మీరే చదివి వినిపిస్తారుగా.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. చదవని తరగతిలో టీచరు కాగితం మీద రాసిచ్చిన ప్రశ్నలు వస్తాయి: "మీకు ప్రేరణ ఎవరు?" చదివిన తరగతిలో వేరే ప్రశ్నలు వస్తాయి. ఆ ఇంట్లో వంటగది ఎక్కడ? అమ్మ బొమ్మ ఒక్క పేజీలోనూ ఎందుకు లేదు? ఒక పుస్తకానికి మీకు ఎంత డబ్బు వస్తుంది? (పై లెక్క చెబితే వాళ్లు నా వంక జాలిగా చూస్తారు.) కాబట్టి కనీసం రెండు వారాల ముందు పుస్తకాలు తరగతికి చేరాలి, పిల్లలు వాటిని తిరగేసి నలిపేయాలి. ప్రతి బడిలో కథల పుస్తకాలతో సహా గ్రంథాలయం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. బీరువా ఉన్న చోట కూడా దానికి తాళం, తాళంచెవి సెలవులో ఉన్న టీచరు దగ్గర.

అపోహ: బెంగళూరు బడిలో తెలుగు పుస్తకంతో పనేమిటి?

ఇంట్లో తెలుగు మాట్లాడుతూ బడిలో కన్నడం చదివే పిల్లలు ఈ ఊళ్లో చాలామంది. రెండు లిపులకూ మూలం ఒకటే. కన్నడం వచ్చిన పిల్లల ముందు తెలుగు పేజీ పెడితే తలకట్టు దగ్గర, క, త లాంటి అక్షరాల దగ్గర తడబడతారు కానీ బొమ్మ సాయంతో లాక్కొస్తారు. 2004లో ఈ ఊళ్లోనే మొదలైన ప్రచురణ సంస్థ ప్రథమ్ బుక్స్ 2015లో స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైటు తెచ్చింది. అందులో ఒకే కథ అవే బొమ్మలతో కన్నడంలోనూ తెలుగులోనూ ఉచితంగా దొరుకుతుంది. స్వేచ్ఛా లైసెన్సు కాబట్టి రాసినవారి, గీసినవారి పేర్లు ఉంచి ముద్రించుకోవచ్చు కూడా. చెన్నైలోని తూలిక ఇంగ్లిష్, తెలుగు రెండూ ఉండే ద్విభాషా పుస్తకాలు వేస్తుంది. రెండు భాషల ప్రతులూ పక్కపక్కన పెట్టండి, మిగతాది పిల్లలే చూసుకుంటారు.

అపోహ: నవంబర్ 14న పిలిస్తే బాగుంటుంది.

ఆ రోజు అందరూ పిలుస్తారు. పిల్లల పుస్తకాల అంతర్జాతీయ దినం ఏప్రిల్ 2, డెన్మార్క్ పిల్లల కథకుడు ఆండర్సన్ పుట్టినరోజు. అప్పటికి ఇక్కడ చదువుల సంవత్సరమే అయిపోవస్తుంది. జూలై, ఆగస్టుల్లో పిలవండి. తేదీ సులువుగా దొరుకుతుంది, పిల్లలకూ ముందు ఇంకా చాలా నెలలు ఉంటాయి. ఆ నెలల్లో వాళ్లు మడిచి కుట్టిన పుస్తకాలు ఉంటే పోస్టులో పంపండి. వాట్సాప్‌లో ఫోటో పంపితే పేజీ తిప్పడం కుదరదు.