జెండా పాటకూ తక్‌పట్టీకీ మధ్య: వరంగల్ పత్తి రైతుకు అమ్ముకునే స్వేచ్ఛ ఎంత?

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో పొద్దున జెండా పాట, అంటే ఆ రోజు ధర తేల్చే మొదటి వేలం, ముగియగానే ఆ రోజు పత్తి ధర ఊరూరా తెలిసిపోతుంది. కానీ ఆ ధర మేలిరకం సరుకుకే. మిగతా బస్తాలకు తేమ, రంగు, చెత్త చూసి కోత పెడతారు. పాటలో పలికిన అంకెకూ రైతు చేతికొచ్చే తక్‌పట్టీ (అమ్మకం చీటీ)లోని అంకెకూ ఎంత తేడా ఉందన్నదే అసలు సంగతి.

1934లో ఆజంజాహి మిల్లు మొదలయ్యాక గింజ తీసిన దూది వరంగల్‌లోనే నూలై బట్టయ్యేది. 2002 నాటికి మిల్లు మూతపడింది. పొలాల్లో మాత్రం పత్తి పెరుగుతూ పోయింది. 1990ల్లో నల్లరేగళ్లు దాటి చెలకల్లోకి వచ్చింది. చెలక నీళ్లు పట్టి ఉంచదు, వాన కొన్నాళ్లు మొహం చాటేస్తే పూత, పిందె రాలిపోతాయి. బ్యాంకు అప్పు దొరకని వాళ్లకు విత్తనం, ఎరువు, మందు ఉద్దెరకిచ్చింది దుకాణదారే. చాలాచోట్ల పంట కొన్నదీ ఆయనే. 1997-98లో లద్దె పురుగు విరుచుకుపడింది. మందులకు అలవాటుపడ్డ పురుగు ఎంత కొట్టినా చావలేదు, అప్పు మాత్రం పెరిగింది. ఆ ఏడాది వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యలు దేశాన్ని కదిలించాయి.

2002లో కాయతొలుచు పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ విత్తనం వచ్చింది. కాయతొలుచు పురుగు మందు ఖర్చు మొదట్లో తగ్గింది. హైబ్రిడ్లతో మొదలైన మార్పు మాత్రం దీంతో పూర్తయింది: ఇంటి గింజ దాచుకుని విత్తే రోజులు పోయాయి. 450 గ్రాముల ప్యాకెట్ 1,600 రూపాయలకు పైగా పలికింది. ఆ ధరలో కలిసిన టెక్నాలజీ రుసుముపై ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు వెళ్లింది. 2006లో ధర 750కి దిగింది. ప్రభుత్వం గట్టిగా నిలబడితే రైతుకు ఎంత మిగులుతుందో చూపిన సందర్భం అది. పురుగు బీటీకి అలవాటుపడకుండా, ప్యాకెట్‌తో పాటు ఇచ్చిన 120 గ్రాముల బీటీయేతర గింజను పొలం చుట్టూ వేయాల్సి ఉండేది. దాన్ని చాలామంది పారేశారు. చివరి ఏరుడు కోసం పంటను ఫిబ్రవరి దాకా ఉంచారు. దాంతో గులాబీ రంగు పురుగు బీటీకి తట్టుకుంది, 2017 నాటికి తెలంగాణ అంతటా కాయల్లో చేరింది.

ధర రైతు చేతిలో లేదన్నది 2011లో బాగా తెలిసొచ్చింది. ఆ మార్చిలో న్యూయార్క్‌లో పౌను దూది 2 డాలర్లు దాటింది, ఏడాదికి సగం కన్నా కిందికి పడింది. 2012 మార్చిలో కేంద్రం ఎగుమతులు ఆపింది. 2025 ఆగస్టులో 11 శాతం దిగుమతి సుంకం ఎత్తేసి, ఆ మినహాయింపును డిసెంబరు దాకా పొడిగించింది. సరిగ్గా కొత్త పత్తి మార్కెట్‌కొచ్చే కాలమది.

మద్దతు ధర ఉంది కదా అంటారు. 2025-26కు పొడవు పింజ (దూది పోగు) రకానికి క్వింటాలుకు 8,110 రూపాయలు. 8 శాతం తేమ దాకా, మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ సీసీఐ పూర్తి ధర ఇస్తుంది. ఆపై ఒక్కో శాతానికి ఒక్కో శాతం కోత, 12 దాటితే కొనదు. అంటే 12 శాతం ఉన్న క్వింటాలుకు దాదాపు 324 రూపాయలు పోతాయి. మంచు ఆరకముందే ఏరి ఎరువుల సంచుల్లో కుక్కితే పత్తి వేడెక్కి పసుపెక్కుతుంది, సంచి పోగులు కూడా దూదిలో కలుస్తాయి. పొద్దెక్కాక ఏరి, గుడ్డ మీద పలుచగా ఒకటి రెండు రోజులు ఎండబెడితే తేమ దిగుతుంది. అయితే ఆరబోసే జాగా, ఆగే ఓపిక అప్పు లేనివాడికే ఉంటాయి. కిలో లెక్కన ఏరే కూలి ఆడవాళ్లకు పొద్దెక్కేదాకా ఆగమంటే ఆ పూట కూలి తగ్గినట్టే. ఆ నష్టాన్ని లెక్కలో వేసేవాళ్లు లేరు.

కౌలు రైతు పరిస్థితి ఇంకా ఇరుకు. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2018 మే 10న హుజూరాబాద్ దగ్గర మొదలైన పెట్టుబడి సాయం రైతుబంధు మాత్రం పట్టాదారుకే ఎకరాకు సీజనుకు 4,000 రూపాయలు ఇచ్చింది, కౌలుదారును పక్కన పెట్టింది. సీసీఐ కేంద్రంలోనూ పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు ఖాతా అడుగుతారు. 2025 నుంచి కపాస్ కిసాన్ యాప్‌లో ముందే స్లాట్ తీసుకోవాలి. పాసుబుక్కు భూయజమాని పేర ఉంటే పత్తి డబ్బూ చాలాసార్లు ఆయన ఖాతాకే పోతుంది. అందుకే కౌలు రైతు ఉద్దెరిచ్చిన వ్యాపారికే, ఆయన చెప్పిన ధరకు, ఇంటి ముందే కాంటా పెట్టిస్తున్నాడు.