రాతిగుట్టల మీద మొక్కలు: అపోహలు – వాస్తవాలు

హరితహారం 2015లో మొదలయ్యాక మొక్కలు నాటడం మనవాళ్ళకు బాగానే అలవాటైంది. కానీ హైదరాబాద్ చుట్టూ ఉన్న రాతిగుట్టల దగ్గరికి వచ్చేసరికి కాలనీ సంఘాలైనా, కాలేజీలవాళ్ళైనా నన్ను అడిగేవి ఇవే.

అపోహ: బండ మీద ఏదీ బతకదు, బయటి నుంచి మట్టి తెచ్చి పోయాల్సిందే.

వాస్తవం: మన గ్రానైట్ వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. పైపొర ఎండకూ వానకూ పగిలి, మొరంగా మారింది. ఆ పగుళ్ళలోకి వేరు దించే రావి, జువ్వి, కొండగోగు చక్కగా బతుకుతాయి. వాలు మీద పోసిన మట్టి మాత్రం గట్టి వానకు కొట్టుకుపోతుంది.

అసలు నున్నటి బండే మనకు పెద్ద ఆసరా. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే లీటరు నీళ్ళు. పది చదరపు మీటర్ల బండ మీద 20 మిల్లీమీటర్లు కురిస్తే 200 లీటర్లు. పక్కకు పోయేది పోగా, బండ అంచున ఉన్న మొక్కకు మిగతావాటి కంటే ఎన్నో రెట్లు అందుతుంది. అందుకే గుంటలు తీసేముందు వాన పడుతుండగా గుట్ట ఎక్కి, నీళ్ళు ఎటు పారుతున్నాయో చూడాలంటాను. గుంట అక్కడే తీయాలి, దిగువన అర్ధచంద్రాకారంలో రాళ్ళ కట్ట వేయాలి. వరసలు వంకర పోతాయి, పోనివ్వండి. గడ్డపార ఖంగుమన్నచోట మొండిగా తవ్వకుండా రెండడుగులు పక్కకు జరగండి.

అపోహ: ఎత్తైన మొక్క తెస్తే త్వరగా చెట్టవుతుంది.

వాస్తవం: కవర్లో ఎక్కువకాలం ఉన్న మొక్క వేళ్ళు చుట్టలు చుట్టుకుపోతాయి, పగుళ్ళలోకి దిగలేవు. ఎండలు ముదిరేసరికి వాడిపోతుంది. అడుగున్నర మొక్క చాలు. వేప అయితే జూన్, జూలైలో రాలిన గింజను వెంటనే నేలలో వేయండి, ఆలస్యమైతే మొలవదు.

అపోహ: సుబాబుల్ వేస్తే గుట్ట పచ్చబడుతుంది.

వాస్తవం: పచ్చబడుతుంది, నిజమే. కానీ విత్తనాలు విపరీతంగా రాల్చి మొత్తం తనే ఆక్రమిస్తుంది. నేనైతే వద్దంటాను.

అపోహ: చెట్లు లేని గుట్ట ఖాళీ జాగా.

వాస్తవం: గడ్డి మధ్య వెతికితే నరికేసిన మోదుగ, సీతాఫలం మొదళ్ళు కనిపిస్తాయి. మంటలు, గొడ్డలి, మేకలు రాకుండా కాపాడితే అవే చిగురిస్తాయి. కంచె వేసేముందు మాత్రం మేకలు కాసేవాళ్ళతో కూర్చుని మాట్లాడండి. ఏ చెలిమలో ఎండాకాలం దాకా నీళ్ళుంటాయో చెప్పగలిగేది వాళ్ళే.