ఇంటి తెర మీద పాత రీళ్లు: ప్రింటు సాంద్రత, దీపం వెలుగు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల అటకల మీద తలంబ్రాల సందడినో, మెరీనా ఒడ్డున పిల్లల పరుగులనో దాచుకున్న సూపర్ 8 (8 మిల్లీమీటర్ల వెడల్పు ఇంటి సినిమా ఫిల్ము) రీళ్లు ఇంకా అక్కడక్కడా దొరుకుతూనే ఉన్నాయి. వాటిని ప్రొజెక్టరుకు ఎక్కించినప్పుడు బొమ్మ మసకగా పడితే అందరూ ముందుగా అనుమానించేది బల్బునే. అయితే తప్పు చాలాసార్లు ప్రింటులో, అంటే ఆ ఫిల్ములోనే ఉంటుంది.

ఫిల్ము సాంద్రతను, అంటే అది ఎంత ముదురుగా ఉందన్నదాన్ని, సంవర్గమానంలో (లాగరిథంలో) కొలుస్తారు. సాంద్రత 1 ఉన్న చోట పడిన కాంతిలో పదో వంతు, 2 ఉన్న చోట నూరో వంతు, 3 ఉన్న చోట వెయ్యో వంతు మాత్రమే అవతలికి చేరుతుంది. 0.3 పెరిగితే చాలు, వెలుగు సగమైపోతుంది. అంత ముదురుగా వచ్చిన ప్రింటును సరిగా చూపాలంటే 100 వాట్ల హాలొజన్ దీపం ఇచ్చే కాంతికి రెట్టింపు కావాలి. అలాగని పెద్ద బల్బు పెడితే అందులోని తీగచుట్ట కూడా పెద్దదే కాబట్టి, అదనపు కాంతిలో కొంత సుమారు 5.4 × 4 మిల్లీమీటర్లుండే, ఫిల్ము వెనుక కాంతి దూరే ప్రొజెక్టరు చిన్న కిటికీలో పట్టక వృథా అవుతుంది. వేడి మాత్రం ఫిల్మును వంచుతుంది. ప్రొజెక్టరును ముందుకు జరిపి 140 సెంటీమీటర్ల వెడల్పు బొమ్మను 100కు కుదిస్తే పైసా ఖర్చు లేకుండా వెలుగు దాదాపు రెట్టింపవుతుంది.

వేసవి రాత్రుల్లో వచ్చే లో-వోల్టేజీ కూడా లెక్కలోకి వస్తుంది. మామూలు ట్రాన్స్‌ఫార్మరుతో నడిచే ప్రొజెక్టరులో సరఫరా 230 నుంచి 207 వోల్టులకు, అంటే 10 శాతం పడిపోతే, దీపకాంతి దాదాపు 30 శాతం తగ్గుతుంది. ప్రింటు సాంద్రత 0.15 పెరిగినట్టే. పైగా తెలుపు నారింజ రంగుకు తిరుగుతుంది.

వెలిసిన ప్రింటుది వేరే సమస్య. 1960లు, 70లలోని చాలా రంగు ప్రింట్లలో నీలి-ఆకుపచ్చ రంగుద్రవ్యం ముందుగా క్షీణించడం వల్ల బొమ్మ ఎర్రబారుతుంది. చెన్నై ఉక్కపోత దానికి తోడవుతుంది. అదే కొడాక్ కంపెనీ రంగు ఫిల్ము కొడాక్రోమ్ అయితే చీకట్లో భద్రపరిస్తే చాలాకాలం నిలుస్తుంది. వెలిసిన ప్రింటులో నలుపు సాంద్రత 3 నుంచి 1.5కు దిగజారిందనుకుంటే, ఎంత శక్తిమంతమైన దీపమైనా దాన్ని నిలబెట్టలేదు, ఎందుకంటే దీపం తెలుపునూ నలుపునూ ఒకే రెట్టున పెంచుతుంది తప్ప వాటి నిష్పత్తిని మార్చదు. గది కిటికీలోంచి వీధి దీపం వెలుతురు తెర మీద పడుతున్నప్పుడు మాత్రం గట్టి దీపం కొంత మేలు చేస్తుంది. అయినా మందపాటి పరదా వేయడమే అంతకన్నా తేలిక.

కొన్ని ప్రొజెక్టర్లకు వెలుగు తగ్గించే మీట ఉంటుంది. పలచబడిన ప్రింటుకు అదే మందని తోచవచ్చు గాని, వోల్టేజీ తగ్గించిన దీపం ఇప్పటికే ఎర్రబారిన బొమ్మకు మరింత ఎరుపు అద్దుతుంది. అటువంటి రీలుకు మీటను ముట్టుకోకుండా ప్రొజెక్టరును వెనక్కి జరిపి, బొమ్మను కాస్త పెద్దదిగా పడనివ్వడం మంచిది.