నీళ్ళ కింద రెండు వారాలు బతికే వరి

ప్రియమైన పిల్లలకు,

తాతయ్య ఆశీస్సులు. యూనివర్సిటీల్లో ఏళ్ళ తరబడి చేసే పరిశోధనలతో మామూలు జనానికి ఒరిగేదేమిటని మొన్న ఫోన్‌లో అడిగారు కదా. మంచి ప్రశ్న. ఫోన్‌లో చెబితే సగం దారిలోనే ఆగిపోతుందని ఉత్తరం రాస్తున్నాను. అన్ని పరిశోధనల గురించీ చెప్పను. ఒక్క వరి రకం గురించి చెబుతాను.

పశ్చిమ గోదావరిలో మార్టేరు అనే ఊరుంది. అక్కడి వరి పరిశోధన కేంద్రం 1925 నాటిది. 1964లో వ్యవసాయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక అది దాని కిందికి వచ్చింది. ఇప్పుడు ఆ విశ్వవిద్యాలయం ఆచార్య ఎన్.జి. రంగా పేరుతో ఉంది. 1982లో మార్టేరు నుంచి ఎంటీయూ 7029 అనే రకం విడుదలైంది. దాని పేరు స్వర్ణ. ఎరువు తక్కువ వేసినా మంచి దిగుబడి ఇస్తుంది. అందుకే మన డెల్టాలోనే ఆగలేదు. ఒడిశా, బెంగాల్, బీహార్, ఛత్తీస్‌గఢ్ దాటి బంగ్లాదేశ్ దాకా వెళ్ళింది. ఆ రైతుల్లో చాలామంది మార్టేరు పేరు విని ఉండరు.

అయితే స్వర్ణకు వరదంటే గండమే. చేను పూర్తిగా మునిగి వారం దాటితే చాలా వరి రకాలు చచ్చిపోతాయి. ఎందుకో తెలుసా? ఈత రానివాడు మునిగినప్పుడు గాభరాపడి కాళ్ళూ చేతులూ కొట్టుకుని అలిసిపోతాడు చూడండి, వరి మొక్క కూడా అంతే. నీళ్ళపైకి తల పెట్టాలని గబగబా సాగుతుంది. దాచుకున్న పిండి పదార్థమంతా ఆ సాగడానికే ఖర్చయిపోతుంది. తీరా నీళ్ళు తీశాక నిలబడే బలముండదు, చేను కుళ్ళిపోతుంది.

ఒడిశా పల్లపు చేలల్లో రైతులు ఎప్పటినుంచో పండించుకుంటున్న ఒక నాటు రకం మాత్రం మునిగినా బతికేది. దాన్నుంచి ఎంపిక చేసిన విత్తనానికి ఎఫ్ఆర్13ఎ అని పేరు పెట్టారు. దాని దిగుబడి తక్కువ, గింజా బాగుండదు. మంచి రకాలతో సంకరం చేసి చూశారు. ముంపును తట్టుకునే గుణంతో పాటు అక్కర్లేని గుణాలు కూడా వచ్చిపడేవి. తినబుద్ధి కాని బియ్యం వరదకు తట్టుకుంటే మాత్రం రైతు ఎందుకు వేస్తాడు?

ఇక్కడ అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వస్తుంది. అదీ ప్రభుత్వ విశ్వవిద్యాలయమే. దాని డేవిస్ క్యాంపస్‌లో 1990లలో డేవిడ్ మెకిల్, కెనాంగ్ షూ కలిసి ఈ గుణం వరి తొమ్మిదో క్రోమోజోమ్ (జన్యువులు వరుసగా ఉండే పోగు) మీద ఉందని కనిపెట్టారు. 1996లో ఆ సంగతి ప్రకటించారు. ఆ గుణాన్నిచ్చే అసలు జన్యువును పట్టుకోవడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. డేవిస్‌లో పమేలా రొనాల్డ్, రివర్‌సైడ్ క్యాంపస్‌లో జూలియా బెయిలీ-సెరెస్, ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి 2006లో సబ్1ఎ జన్యువును ప్రపంచానికి చూపించారు. మొక్క మునిగినప్పుడు ఆ జన్యువు సాగడాన్ని ఆపేస్తుంది. మొక్క ఉన్న శక్తిని దాచుకుని కదలకుండా ఉండి, నీళ్ళు తీశాక మళ్ళీ చిగురిస్తుంది.

ఈ పదేళ్ళ గురించి ఒక్క క్షణం ఆలోచించండి. జన్యువు దొరుకుతుందన్న హామీ లేదు. దొరికితే కొనేదెవరు? ఒడిశా పల్లపు చేల చిన్న రైతు. వరి గింజను రైతు ఇంట్లో దాచుకుని మరుసటి ఏడు మళ్ళీ చల్లుకోవచ్చు, పక్కింటివాడికీ ఇవ్వొచ్చు. ఏటా కొనక్కర్లేని విత్తనం మీద, డబ్బులేని రైతు కోసం పదేళ్ళు పెట్టుబడి పెట్టడానికి ఏ కంపెనీ ముందుకొస్తుంది? కంపెనీలను తప్పుపట్టడం లేదు, వాళ్ళ లెక్క వాళ్ళది. ఆ లెక్కకు అందని పని ఎవరో ఒకరు చెయ్యాలి కదా. పన్నులు కట్టే జనం డబ్బుతో నడిచే చోటే అది జరిగింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయాలకు నిధులు కోస్తున్నారని విన్నప్పుడల్లా నాకు బాధ కలిగేది అందుకే.

జన్యువు ఏ చోట ఉందో తెలిశాక, దాన్ని పూర్తిగా పట్టుకోకముందే, కొత్త వరి పని మొదలై చకచకా సాగింది. ఫిలిప్పీన్స్‌లో స్వర్ణను, ముంపును తట్టుకునే రకంతో సంకరం చేసి, ఆ పిల్లమొక్కలను మళ్ళీ మళ్ళీ స్వర్ణతోనే కలిపారు. ప్రతిసారీ మొక్క డీఎన్ఏ పరీక్షించి, కావలసిన ముక్క ఉన్నవాటినే ఉంచుకున్నారు. ఆ పద్ధతిని వివరిస్తూ 2007లో వచ్చిన పరిశోధన పత్రంలో మొదటి పేరు హైదరాబాద్ వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్త సి.ఎన్. నీరజది. 2009లో స్వర్ణ-సబ్1 మన దేశంలో విడుదలైంది. వండితే, తింటే, పండిస్తే అన్నిటా స్వర్ణే. మునిగితే మాత్రం రెండు వారాల దాకా బతుకుతుంది.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ తర్వాత జరిగింది. అదే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం బర్క్‌లీ క్యాంపస్ ఆర్థికవేత్తలు ఒడిశా పల్లెలకు వెళ్ళి, రైతుల పొలాల్లోనే ఈ విత్తనం ఎలా పనిచేస్తోందో కొలిచారు. చేను పది రోజులు మునిగితే మామూలు స్వర్ణ కన్నా సుమారు 45 శాతం ఎక్కువ పండిందని 2013లో రాశారు. వరద రాని ఏడాది దిగుబడేమీ తగ్గలేదు. ఇంకో సంగతి కూడా బయటపడింది. మిగతావాళ్ళ కన్నా దళితుల పొలాలే మునిగే పల్లపు భూముల్లో ఎక్కువగా ఉన్నాయి. మెరక భూములు ఎవరికి దక్కాయో, పల్లం ఎవరికి మిగిలిందో మన ఊళ్ళలోనూ మీరు చూడొచ్చు. అందుకే ఈ విత్తనం వల్ల ఎక్కువ మేలు జరిగింది వాళ్ళకే. పంట పోతుందన్న భయం తగ్గాక రైతులు ఎరువు కొనడానికి, చల్లే బదులు నాట్లు వెయ్యడానికి ధైర్యం చేశారట. భయం వల్ల ఎంత పంట పోతోందో ఎవరూ లెక్కెయ్యరు. వాళ్ళు లెక్కేశారు.

ఒక మాట దాచకూడదు. అమెరికాలో ఇలాంటి విశ్వవిద్యాలయాలు చాలా 1862లో లింకన్ సంతకం చేసిన చట్టంతో పుట్టాయి. రాష్ట్రాలకు భూమి ఇచ్చి, దాన్ని అమ్మిన సొమ్ముతో వ్యవసాయం, ఇంజినీరింగ్ నేర్పమన్నారు. ఆ భూమి అక్కడి ఆదివాసుల దగ్గర లాక్కున్నది. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాన్ని కూడా ఆ నమూనాలోనే, కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీ సాయంతో కట్టారు. మేలు గురించి చదివేటప్పుడు ఇదీ తెలిసి ఉండాలి.

ఈ వరితో కష్టాలు తీరిపోలేదు. ముంపు రెండు వారాలు దాటితే ఇదీ పోతుంది. మోకాలి లోతు నీళ్ళు నెలల తరబడి నిలిస్తే ఈ జన్యువు పెద్దగా పనికిరాదు, అక్కడ సాగే గుణమే కావాలి. కోత ముందు తుఫాను వస్తే పడిపోయిన చేనుకు ఇది చేసేదేమీ లేదు. కోనసీమ తీరంలో ఉప్పు పట్టిన నేల సంగతి పూర్తిగా వేరు. దసరా సెలవులకు రండి, సార్వా చేలు పచ్చగా ఉంటాయి, మార్టేరు తీసుకెళ్తాను. మీ ప్రశ్నలన్నీ కాగితం మీద రాసి తెచ్చుకోండి, అక్కడివాళ్ళనే అడుగుదురుగాని.

ఇట్లు,
మీ తాతయ్య