రోడ్డు తెల్లబడితే పాడైనట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

రోడ్ల మరమ్మతు పనిలో ఉన్నాను. కొత్త చోటికి వెళ్తే ముందు బండి దిగి, కూర్చుని, అరచేత్తో రోడ్డును తడిమి చూస్తాను. పైపై చూపుకు తెలియనివి చాలా చేతికి తెలుస్తాయి. జనం నన్ను తరచూ అడిగే మాటలే ఇవి.

అపోహ: నల్లగా నిగనిగలాడితే మంచి రోడ్డు, తెల్లబడితే అరిగిపోయిన రోడ్డు.

వాస్తవం: కొత్త రోడ్డుకు నలుపు, కంకర మీదున్న పల్చటి తారు పొర వల్ల వస్తుంది. టైర్ల రాపిడికి అది పోయి రాయి రంగు బయటపడుతుంది. ఎండకూ గాలికీ మిగిలిన తారు కూడా బూడిద రంగుకు తిరుగుతుంది. అంతవరకు భయం లేదు. గీరితే చిప్స్ (సన్న కంకర రాళ్లు) ఊడి వస్తున్నాయా అన్నది చూడాలి. నాకు టెన్షన్ పెట్టేది ఎండాకాలంలో చక్రాలు నడిచే దారిలో అద్దంలా మెరిసే నల్లటి పట్టీ. తారు ఎక్కువైన చోట అది ఎండకు పైకి ఉబికి రాళ్లను ముంచేస్తుంది. దీన్ని బ్లీడింగ్ అంటాం. వాన పడితే బైకులు జారేది అక్కడే.

అపోహ: ఎంత నున్నగా ఉంటే అంత మేలు.

వాస్తవం: కుదుపు లేకపోవడం వేరు, నునుపు వేరు. టైరుకు పట్టు దొరకాలంటే రాయి గరుకుగా ఉండాలి, రాళ్ల మధ్య నీళ్లు దిగే సందులూ ఉండాలి. ఈ సందులను కొలవడానికి మా దగ్గర చాలా తేలికైన పరీక్ష ఉంది. కొలిచిన సన్న ఇసుకను రోడ్డు మీద పోసి, గుండ్రంగా పరిచి, ఆ వృత్తం ఎంత వెడల్పు వచ్చిందో చూస్తాం. వృత్తం చిన్నదైతే ఇసుక సందుల్లోకి దిగిందన్నమాట, రోడ్డుకు పట్టు ఉంది. సీసీ రోడ్డు మీద అడ్డంగా కనిపించే సన్నటి గీతలు కూడా పట్టు కోసం కావాలని గీసినవే, మేస్త్రీ తప్పు కాదు.

అపోహ: మొసలి చర్మంలా పగిలిన చోట పైన ఇంకో పొర వేస్తే సరిపోతుంది.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇదే. ఆ పగుళ్లు పైపూతకు వచ్చిన జబ్బు కాదు. కింద బేస్, అంటే తారును మోసే కంకర పొర, మెత్తబడింది, బరువు పడిన ప్రతిసారీ పై పొర వంగి లేచి అలసిపోయింది. ఒకచోట ఊరివాళ్ల ఒత్తిడికి పైన పొర వేశాం. ఒక్క వానాకాలం గడిచేసరికి అవే గళ్లు మళ్లీ పైకి తేలాయి. అలాంటి చోట తవ్వి, బేస్ మార్చి, పక్క కాలువ బాగుచేసి, ఆ తర్వాతే తారు వేయాలి.

అపోహ: బండ్లు పెరిగాయి కాబట్టే రోడ్లు పోతున్నాయి.

వాస్తవం: బైకులు, కార్ల వల్ల జరిగే నష్టం చాలా తక్కువ. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో లారీలు తిప్పి చేసిన పెద్ద పరీక్షలో తేలిందేమిటంటే, ఇరుసు బరువు రెట్టింపైతే నష్టం సుమారు 16 రెట్లు అవుతుంది. ఓవర్‌లోడ్ లారీకి నీళ్లు తోడైతే ఇక ఆగదు. వాన వెలిశాక రోడ్డంతా ఆరినా ఒక పగులు చుట్టూ తడి మచ్చ మిగిలి ఉంటే, తర్వాతి గుంత అక్కడే పడే ప్రమాదం ఎక్కువ. ఆ పగులును ఇప్పుడే మూయమని మీ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కు) చెప్పండి.